కడిగే ఖర్చు ఎవరి లెక్కలో?

బందరు పక్కన గిలకలదిండిలో ఇనుము ఎక్కువ కాలం కొత్తగా ఉండదు. ఒక పక్క చేపల హార్బరు, ఇంకో పక్క మడ అడవులు, మధ్యలో ఉప్పునీటి పాయ. పడవలున్నవాళ్ళకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఈ గాలిలోకి కొత్తరకం యంత్రాలు వస్తున్నాయి. మంగినపూడి వైపు 2023లో ఓడరేవు పనులు మొదలయ్యాయి. ఇటు హార్బరు పనులు, 216వ నంబరు జాతీయ రహదారి వెంట కొత్త కట్టడాలు, అటు గుడివాడ దాకా ఇళ్ళు, గోదాములు. వీటన్నిటికీ కాంక్రీటు కావాలి. కాంక్రీటు పైకి ఎక్కాలంటే పంపు కావాలి. కొత్త పంపు కొనే స్తోమత లేనివాళ్ళకు వాడిన పంపే దారి.

అలా కొత్తగా ఓనరైన కుర్రవాడికీ, పంపులు విప్పి బిగించడంలో చెయ్యి తిరిగిన మేస్త్రికీ మధ్య సాగే వాదన ఇది. ఇద్దరూ ఫలానా మనుషులు కారు, ఈ పనిలో ఉన్న రెండు ఆలోచనలు. ఒకటి ముందు తిప్పుదాం, వచ్చిన డబ్బుతో బాగుచేద్దాం అంటుంది. రెండోది ముందు బాగుచేద్దాం, తరవాతే తిప్పుదాం అంటుంది. రెండిట్లోనూ న్యాయం ఉంది కాబట్టి రెండూ గట్టిగా మాట్లాడుకోవడం అవసరం.

*

ఓనరు: బాబాయ్, కోనేరు సెంటర్ అవతల ఒక శ్లాబుకు ఎల్లుండి వస్తానని మాటిచ్చాను. ఇంజను ఒక్క సెల్ఫుకే అందుకుంటోంది. రెండు సిలిండర్లూ సమంగా కొడుతున్నాయి. నువ్వేమో విప్పాలి, వారం పడుతుంది అంటున్నావు. విప్పితే ఆ శ్లాబు చెయ్యిజారినట్టే. ఈఎంఐ మాత్రం తారీఖు రాగానే కట్టాలి. ముందు తిప్పనీ. నాలుగు శ్లాబుల డబ్బు చేతికొచ్చాక నువ్వు ఏది మార్చమంటే అది మారుస్తాను.

మేస్త్రి: ఖాళీగా ఉన్నప్పుడు ఏ పంపైనా సమంగానే కొడుతుంది అబ్బాయ్. హాపర్లో కాంక్రీటు పడి, లైను నిండి, ప్రెషరు ఎక్కినప్పుడే దాని అసలు స్థితి తెలిసేది. లోపల జరిగేదేంటో చూడు. ఒక సిలిండరు హాపర్లోంచి కాంక్రీటును లాక్కుంటుంది. అదే సమయంలో రెండోది తను లాక్కున్నదాన్ని లైన్లోకి నెడుతుంది. ఎస్ ఆకారంలో ఉన్న గొట్టం అటూ ఇటూ ఊగుతూ, నెట్టే సిలిండరు మూతికి ఎప్పటికప్పుడు అతుక్కుంటుంది. ఆ గొట్టం మూతికి కటింగ్ రింగు, సిలిండర్ల ముందు వేర్ ప్లేటు. ఈ రెండూ సందు లేకుండా ఒరుసుకోవాలి. సందు పెరిగిందనుకో, ప్రెషరుకు సిమెంటు పాలు ఆ సందులోంచి వెనక్కి హాపర్లోకి కారిపోతాయి. మిగిలిన కంకర, ఇసుక లైన్లో బిగుసుకుంటాయి. అదే జామ్. జామ్ అయితే అందరూ కాంక్రీటు కలిపినవాణ్ణి తిడతారు. తప్పు పంపు మూతి దగ్గర ఉండొచ్చని ఎవరూ చూడరు.

ఓనరు: అమ్మినాయన మీటరు చూపించాడు. తిరిగిన గంటలు తక్కువే. రంగు కూడా కొత్తగా ఉంది.

మేస్త్రి: మీటరు మార్చొచ్చు, రంగు వేయొచ్చు. దాచలేనివి వేరే ఉన్నాయి. వాటర్ బాక్సు మూత తియ్యి. కాంక్రీటు సిలిండర్లకూ హైడ్రాలిక్ సిలిండర్లకూ మధ్య ఉన్న నీళ్ళ పెట్టె అది. పిస్టన్ వెనకాల గోడలను కడుగుతూ, చల్లబరుస్తూ ఉంటుంది. కొంతసేపు కాంక్రీటు కొట్టాక ఇంజను ఆపి చూస్తే ఆ నీళ్ళు సిమెంటు రంగుకు తిరిగి, అడుగున ఇసుక పేరుకుందనుకో, పిస్టన్ రబ్బర్లు అరిగాయి, లేదా సిలిండరు లోపలి క్రోమ్ మీద గీతలు పడ్డాయి. నీళ్ళ మీద నూనె తేలితే హైడ్రాలిక్ సీలు పోయింది. ట్యాంకులో హైడ్రాలిక్ ఆయిల్ తెల్లగా విరిగినట్టుంటే అందులో నీళ్ళు కలిశాయి. నల్లబడి మాడు వాసనొస్తే వేడెక్కి పాడైంది. ఫిల్టరు విప్పి తెల్లగుడ్డ మీద దులుపు. ఇత్తడి రజనో ఇనప రజనో రాలితే హైడ్రాలిక్ పంపే లోపల అరుగుతోందని అర్థం. ఆ యంత్రం గడిచిన జీవితం మొత్తం ఈ మూడుచోట్ల రాసి ఉంటుంది.

ఓనరు: ఇవన్నీ ఒక్క పూటలో చూడొచ్చుగా. వారం అని ఎందుకు భయపెట్టావు?

మేస్త్రి: చూడటానికి పూట చాలు. చూశాక ఏం తేలుతుందో దాన్నిబట్టి వారం. ఇంకొకటి ఉంది, దానికి వాయిదా లేదు. హాపర్ మీద ఇనప జాలీని పైకెత్తితే లోపల కాంక్రీటును కలియదిప్పే అజిటేటరూ, ఆ ఎస్ గొట్టం, అంటే ఎస్ వాల్వూ ఆగిపోవాలి. అందుకే అక్కడ ఒక స్విచ్చు పెడతారు. పొద్దున నీ పంపు జాలీ ఎత్తి చూశాను. ఏదీ ఆగలేదు. ముందున్నవాళ్ళెవరో ఆ స్విచ్చుకు వైరు కలిపేశారు.

ఓనరు: పెద్ద రాళ్ళు తియ్యడానికి మాటిమాటికీ ఎత్తాల్సి వస్తుంది కదా. ఎత్తినప్పుడల్లా ఆగితే పని సాగదనుకుని ఉంటారు.

మేస్త్రి: జాలీ ఉన్నది ఆ రాళ్ళను పైనే ఆపడానికి. రాయి లోపలికి పోయిందంటే పంపు ఆపే తియ్యాలి. ఎస్ వాల్వు ఊగే దెబ్బకు రెప్పపాటు కూడా పట్టదు. మధ్యలో మనిషి చెయ్యి ఉందో, కంకర ఉందో దానికి తెలియదు. పైగా దాన్ని ఊపే బలం యాక్యుమ్యులేటర్ అనే సీసాలో నిలవ ఉంటుంది. ఇంజను ఆపినంత మాత్రాన ఆ ప్రెషరు పోదు. ప్రెషరు వదిలే వాల్వు తిప్పి, గేజి ముల్లు సున్నాకు దిగిందని కంటితో చూశాకే హాపర్లో చెయ్యి పెట్టాలి. ఆ సీసాలో గ్యాసు తగ్గితే పట్టించేది నైట్రోజన్ ఒక్కటే. వెల్డింగు షాపులో అందుబాటులో ఉంది కదా అని ఆక్సిజన్ పట్టిస్తే నూనెతో కలిసి పేలుతుంది.

ఓనరు: స్విచ్చు ఇవాళే పెట్టిద్దాం. అందులో నాకు వాదన లేదు. ఆయిల్, ఫిల్టరు, వాటర్ బాక్సు రేపు పొద్దున చూద్దాం. కానీ పైపులన్నీ కొత్తవి తెమ్మన్నావే, అక్కడ ఒప్పుకోను. అంత డబ్బుంటే ఈ పంపు కొనేవాణ్ణే కాదు. పైపు చుట్టూ ఒకేలా అరగదు బాబాయ్. పడుకోబెట్టిన లైన్లో అడుగు భాగం ఎక్కువ అరుగుతుంది. బెండులో బయటి వంపు అరుగుతుంది. కొన్ని పోతలకోసారి పైపును మూడోవంతు తిప్పి బిగిస్తే అరుగుదల చుట్టూ పంచుకుంటుంది. అల్ట్రాసోనిక్ గేజితో ఒక్కో పైపునూ నాలుగు చోట్ల కొలుద్దాం. ప్రెషరు ఎక్కువుండేది పంపు దగ్గర. కాబట్టి మందంగా ఉన్నవి అక్కడ, కాస్త తగ్గినవి లైను చివర. పనికిరానివే తీసేద్దాం. కొలవకుండా మార్చడం కూడా కొలవకుండా వాడటం లాంటి తప్పే.

మేస్త్రి: ఈ మాట నీదే సరి. నేను అన్నీ మార్చమన్నది కొలిచే ఓపిక ఎవరికీ ఉండదన్న అనుభవంతో. నీకు ఆ ఓపిక ఉంటే కొత్త పైపుల డబ్బు మిగుల్చుకో. రెండు షరతులు. కంపెనీ పుస్తకంలో చెప్పిన కనీస మందం కన్నా తగ్గిన పైపును పక్కన పెట్టకు. కోయించి తుక్కులో వేయించు. పక్కన పెడితే నువ్వు లేని రోజు ఎవరో మళ్ళీ లైన్లో కలిపేస్తారు. రెండోది, పైపు చివర కాలర్ మీద ఎండిన సిమెంటు పెచ్చు ఉంటే క్లాంపు సరిగ్గా కూర్చోదు. లోపలి గ్యాస్కెట్టు కడిగి, కాలర్ గీకి, క్లాంపు బిగించి, పిన్ను పెట్టాకే లైను. పిన్ను లేని క్లాంపు ప్రెషరుకు ఊడితే దాని దారిలో ఉన్నవాడు బతకడు.

*

ఓనరు: ఇప్పుడు నేనడిగేదానికి జవాబు చెప్పు. మా ఇంట్లో పడవ ఉండేది. వేట కాలంలో దాన్ని ఎవరూ ఒడ్డుకు లాగరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. అప్పుడే పడవను గట్టెక్కించి, అడుగు గీకి, ఇంజను దించి, రంగులేస్తారు. సంపాదించే రోజుల్లో సంపాదించాలి, ఆగిన రోజుల్లో బాగుచెయ్యాలి. వానల్లో శ్లాబు పనులు తగ్గుతాయి. పంపును అప్పుడు పూర్తిగా విప్పితే ఏం పోతుంది?

మేస్త్రి: పెద్ద రిపేరుకు నీ లెక్క సరిపోతుంది. వేర్ ప్లేటు, రింగు, పిస్టన్లు, ఎస్ వాల్వు బేరింగు అప్పుడే మారుద్దాం. కడగడానికి మాత్రం ఆ లెక్క కుదరదు. పడవ బాగుచేసుకోవడానికి 61 రోజులున్నాయి. సిమెంటు గంటల్లో తేల్చేస్తుంది. మామూలు సిమెంటు బిగియడం మొదలవడానికి మన ఐఎస్ ప్రమాణం పెట్టిన కనీస గడువు 30 నిమిషాలు. పూర్తిగా బిగియడానికి పెట్టిన పై హద్దు 600 నిమిషాలు. అవి కూడా ప్రయోగశాల చల్లదనంలో సిమెంటు ముద్దకు పెట్టిన కొలతలు. మే నెల బందరు ఎండలో, కాలుతున్న ఇనప పైపులో, అంత సమయం నీ చేతిలో ఉండదు.

ఓనరు: ఒకసారి కాస్త ఎండితే మాత్రం ఏమైంది? ఉలి, సుత్తి తీసుకుని కొట్టేస్తారు. అందరూ చేసేదదే.

మేస్త్రి: ఎంత ఎండుతుందో లెక్కేసుకో. 125 ఎంఎం పైపు మీటరు పొడవులో 12 లీటర్ల పైచిలుకు కాంక్రీటు పడుతుంది. 60 మీటర్ల లైన్లో ముప్పావు ఘనపు మీటరు, అంటే సుమారు 1,750 కిలోలు. అది లైన్లో బిగిసిందంటే ఆ పైపులు ఇక తుక్కే. హాపర్లో ఎండితే ఉలితో కొడతారన్నావు. వేర్ ప్లేటు, రింగుల అంచులకు అతి గట్టి లోహం పొదుగుతారు. గట్టిది కాబట్టే సుత్తి దెబ్బకు బీటలేస్తుంది. కొందరు యాసిడ్ పోస్తారు. యాసిడ్ సిమెంటుతో ఆగదు. హైడ్రాలిక్ రాడ్డు మీది క్రోమునూ తింటుంది. ఆ గుంటలు పడ్డ రాడ్డు వచ్చిపోయినప్పుడల్లా సీలును కోస్తుంది. తరవాత నీ వాటర్ బాక్సులో నూనె తేలుతుంది. రేపు పొద్దున మనం చూద్దామనుకున్న జబ్బులన్నీ ఎక్కడో ఎవరో ఒక రాత్రి కడగకుండా వదిలేసినవే. వాడిన పంపు కొన్నవాడు ఆ రాత్రులను కూడా కలిపి కొన్నట్టు.

ఓనరు: దుబాయిలో బుర్జ్ ఖలీఫాకు కాంక్రీటు పంపుతో 606 మీటర్ల ఎత్తుకు ఎక్కించారు. నేను అడిగేది రెండో అంతస్తు శ్లాబు. నా పంపు మరీ అంత నాజూకుదా?

మేస్త్రి: ఆ ఎత్తుకు ఎక్కించింది ఒక్క యంత్రం బలమే అనుకోకు. ఎండాకాలంలో పగలు మానేసి రాత్రిళ్ళు పోశారు. కలిపే నీళ్ళలో ఐసు వేశారు. ఎంత పెద్ద పంపుకైనా కాంక్రీటు గడియారం ప్రకారమే నడవాలి. ఇంకో సంగతి. నీ పంపు చెడితే నష్టం నీ ఒక్కడితో ఆగదు. శ్లాబు సగంలో పంపు ఆగి, మూడు గంటల తరవాత మిగతా సగం పోశారనుకో. మొదటిది అప్పటికే బిగిసి ఉంటుంది. రెండూ కలవవు. మధ్యలో కోల్డ్ జాయింటు. పైన ప్లాస్టరింగు చేస్తే కంటికి కనపడదు. ఉప్పుగాలి, వాననీళ్ళు ఆ గీతలోంచే దిగి లోపలి ఇనుముకు తుప్పు పట్టిస్తాయి. మన తీరంలో 1977 నవంబరు 19 తరవాత పుట్టినవాళ్ళకు కూడా దివిసీమ ఉప్పెన కథ ఇంట్లో చెప్పే ఉంటారు. ఆ తరవాతే ఊరూరా తుఫాను షెల్టర్లు లేచాయి. ఇక్కడ శ్లాబు అంటే నీళ్ళొచ్చిన రాత్రి జనం ఎక్కి నిలబడే చోటు. దాని మధ్యలో నీ పంపు వల్ల గీత పడకూడదు.

ఓనరు: ఆ మాట కాదనను. మా నాయనమ్మ వాళ్ళది దివిసీమే.

*

ఓనరు: అయితే చెప్పు. పోత అయ్యాక ఏం చెయ్యాలి, ఏ వరసలో చెయ్యాలి?

మేస్త్రి: పోత ముందే మొదలవుతుంది. హాపర్ బయట, కాళ్ళ మీద, పంపు అడుగున సెంట్రింగు ఆయిల్ పల్చగా పూయించు. చిందిన కాంక్రీటు పట్టుకోదు. డీజిల్ పూయకు. అది రబ్బర్లను ఉబ్బిస్తుంది. మన నల్లరేగడిలో జాకీ కాళ్ళు దిగబడతాయి, కింద మందపాటి చెక్క పలకలు వేయించు. సిమెంటు స్లర్రీతో లైను తడిపాకే కాంక్రీటు. లైను చివర వచ్చే ఆ స్లర్రీని బీములోనో, స్తంభంలోనో పడనీకు, బొచ్చెల్లో పట్టి పక్కన పోయించు. పని నడుస్తున్నంతసేపూ హాపర్లో అజిటేటరు మునిగేంత కాంక్రీటు ఉండాలి. ఖాళీ అయితే గాలి పీలుస్తుంది. ఆ గాలి లైన్లో నొక్కుకుపోయి చివర ఒక్కసారిగా విడుదలైనప్పుడు రబ్బరు హోస్ కొరడాలా విసురుతుంది. పట్టుకున్న కుర్రాణ్ణి శ్లాబు మీంచి కింద పడేస్తుంది.

ఓనరు: పోత అయిపోయింది. తరవాత?

మేస్త్రి: ముందు రివర్స్. నాలుగు స్ట్రోకులు వెనక్కి కొట్టి లైన్లో ప్రెషరు దించు. దించకుండా ఒక్క క్లాంపు కూడా విప్పొద్దు. తరవాత లైను చివర స్పాంజి బంతి పెట్టి రివర్సులో లాగు. బంతి లోపలి గోడలను తుడుచుకుంటూ వస్తుంది, కాంక్రీటు హాపర్లోకి చేరుతుంది. లైను పొడుగైతే విప్పి ఒక్కో పైపూ కడగాలి. కంప్రెసర్ గాలితో బంతిని నెట్టడం మాత్రం నేర్చుకోనివాళ్ళు చెయ్యకూడని పని. గాలి నీళ్ళలా ఊరుకోదు, బంతి తుపాకీ గుండులా వస్తుంది. తరవాత హాపర్ కింద తలుపు తీసి మిగిలింది దించు. ఎస్ వాల్వు లోపలా బయటా, సిలిండర్ మూతులు, అజిటేటరు ఇరుసు రెండు చివర్లూ నీళ్ళతో కడుగు. ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, యాక్యుమ్యులేటరు గేజి సున్నా చూసి, అప్పుడే చేత్తో గీకు. వాటర్ బాక్సు ఖాళీ చేసి మంచినీళ్ళు తిప్పు. చివర గ్రీజు. కొత్త గ్రీజు శుభ్రంగా బయటికి వచ్చేదాకా కొట్టాలి. సీలు దగ్గర దూరిన సిమెంటును నెట్టేది ఆ గ్రీజే. అందుకే అది కడిగాక కొట్టాలి, ముందు కొడితే లాభం లేదు. కుర్రాళ్ళకు రబ్బరు గ్లోవ్సు, బూట్లు, కళ్ళద్దాలు ఇవ్వు. సిమెంటు నీళ్ళు చర్మాన్ని నెమ్మదిగా కాలుస్తాయి, రాత్రికి గానీ తెలియదు.

ఓనరు: మంచినీళ్ళు అంటున్నావు. ఇక్కడ బోరు వేస్తే ఉప్పే. మంచినీళ్ళు ట్యాంకర్లో తేవాలి. కడగడానికి కూడా ట్యాంకరు కొనాలా?

మేస్త్రి: మొదటి కడుగుడు ఏ నీళ్ళతోనైనా కానీ. చివరి కడుగుడు మంచినీళ్ళతోనే. ఉప్పు నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు ఉండిపోతుంది. రాత్రి తేమకు మళ్ళీ తడుస్తుంది. ఇనుము నిద్రలో కూడా తుప్పు పడుతూనే ఉంటుంది. స్లర్రీ కలిపేది కూడా మంచినీళ్ళతోనే కలుపు. ఇనుమున్న కాంక్రీటులో వాడే నీళ్ళకు ఐఎస్ 456 పెట్టిన క్లోరైడు హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు. సముద్రపు నీళ్ళలో ఉండేది సుమారు 19,000. రెండు పీపాలు ఎక్కువ పెట్టుకో, నీ పంపూ బాగుంటుంది, వాళ్ళ శ్లాబూ బాగుంటుంది. ఇక కడిగిన నీళ్ళంటావా, పక్కన ఏ డ్రైనో ఉంటుంది, అందులోకి మళ్ళించడమే. అది ఎక్కడైనా జరిగేదే.

ఓనరు: అది నా దగ్గర జరగదు బాబాయ్.

మేస్త్రి: ఎందుకు? నాలుగు పీపాల నీళ్ళు. వాన పడితే కొట్టుకుపోతాయి.

ఓనరు: కొట్టుకుపోయి ఎక్కడికి చేరతాయి? మన డ్రైన్లన్నీ పాయలోకి, పాయ సముద్రంలోకి. దారిలో రొయ్యల చెరువులవాళ్ళు ఆ నీళ్ళే తోడుకుంటారు. చెరువు పీహెచ్ ఎనిమిది అటూ ఇటూ ఉండాలని రోజూ కొలుచుకుంటారు వాళ్ళు. సిమెంటు కడిగిన నీళ్ళ పీహెచ్ 12 పైనే. మడ చెట్ల వేళ్ళ మధ్య చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరిగేచోట ఆ తెల్లనీళ్ళు పడితే ఏమవుతుందో మా వీధిలో చిన్నపిల్లాణ్ణడిగినా చెబుతాడు. నువ్వు పంపు గురించి చెప్పినవన్నీ విన్నాను. ఇందులో నువ్వు నా మాట వినాలి. పంపును శుభ్రం చేయడానికి పాయను పాడుచేస్తే మనం శుభ్రం చేసినట్టు కాదు. మురికిని ఒకచోటు నుంచి ఇంకోచోటికి మార్చినట్టు.

మేస్త్రి: మరి ఏం చేస్తావు? అంత నీటిని ఇంటికి తీసుకుపోతావా?

ఓనరు: సైటులోనే ఒక మూల గుంత తీయించి టార్పాలిన్ పరుస్తాను. కడిగినదంతా అందులోకి. తెల్లారేసరికి సిమెంటు, ఇసుక అడుగున దిగి గడ్డకడతాయి. పైన తేరిన నీళ్ళను తోడి డ్రమ్ములో పట్టుకుంటాను. రేపటి పోతలో హాపర్ మొదటి కడుగుడుకు అవే పనికొస్తాయి. అడుగున గడ్డకట్టింది పునాది నింపడానికి పోతుంది. హాపర్లోంచి దింపిన కాంక్రీటు పారబొయ్యను. రెండు ఇనప అచ్చులు చేయించి దిమ్మలు పోస్తాను. పడవలకు తాళ్ళు కట్టుకునే బరువులుగా హార్బర్లో ఎవరైనా తీసుకుంటారు.

మేస్త్రి: ఇది నేను ఆలోచించింది కాదు. చేద్దాం. నీళ్ళు తిరిగి వాడితే నీ ట్యాంకరు ఖర్చు కూడా తగ్గుతుంది. ఆ నీళ్ళు కాంక్రీటులో మాత్రం కలపనీకు.

*

ఓనరు: ఇప్పటికి నువ్వు చెప్పింది నేను ఒప్పుకున్నాను, నేను చెప్పింది నువ్వు ఒప్పుకున్నావు. అసలు చిక్కు ఇప్పుడుంది. గుంత, టార్పాలిన్, మంచినీళ్ళు, రెండు గంటల కడుగుడు, ఇద్దరు కుర్రాళ్ళ కూలి. ఇవన్నీ కలిపి నేను రేటు చెబితే పక్క పంపువాడు తగ్గించి చెప్పి పని ఎగరేసుకుపోతాడు. అతను కడగడు, లేదా అర్ధగంటలో నాలుగు బొచ్చెల నీళ్ళు కొట్టి డ్రైన్లోకి వదిలేస్తాడు. శుభ్రంగా ఉన్నవాడు ఖాళీగా కూర్చుంటే ఆ శుభ్రం ఎవరికి పనికొస్తుంది?

మేస్త్రి: నువ్వు అడిగిన దానికి నా దగ్గర సగం జవాబే ఉంది. అతని రేటు తక్కువ అంటున్నావు. ఆ కడుగుడు ఖర్చు మాయమైపోలేదు. దాన్ని ఇంకెవరో కడుతున్నారు. పొద్దున ఐదింటికి వచ్చిన కుర్రాడు రాత్రి పదింటికి నిద్రమత్తులో హాపర్లో చెయ్యి పెట్టి కడుతున్నాడు. పాయలో చేప కడుతోంది. సగంలో ఆగిన శ్లాబు కింద ఉండేవాళ్ళు పదేళ్ళ తరవాత కడతారు. ఆ పంపు కొనుక్కునే తరవాతి ఓనరు కడతాడు. ఇప్పుడు నువ్వు కడుతున్నది అలాంటి బాకీయే కదా.

ఓనరు: ఆ బాకీ సంగతి నాకు తెలిసింది కాబట్టే అడుగుతున్నా. ఇల్లు కట్టుకునేవాడికి ఇదంతా ఎట్టా చెప్పాలి? ఆయన అడిగేది ఒక్కటే, ఘనపు మీటరుకు ఎంత అని.

మేస్త్రి: అక్కడే నేను నీ అంత తెలివిగా ఆలోచించలేను. నేను విప్పేవాణ్ణి, నువ్వు అమ్మేవాడివి.

ఓనరు: అయితే విను. కడగడాన్ని వేరే ఖర్చుగా చూపిస్తే ఆయన కొట్టేస్తాడు. పోతలో భాగంగానే చెబుతాను. కాగితం మీద ముందే రాసిస్తాను. పంపు వచ్చే టైము, పోత అయ్యాక కడగడానికి రెండు గంటలు, గుంత తీయడానికి సైటులో చోటు, మంచినీళ్ళు ఎన్ని పీపాలు, అవి ఎవరు తేవాలి. చివరి మిల్లర్ లారీ కాంక్రీటు ఆర్డరు చెప్పేటప్పుడు లైన్లో ఉన్న కాంక్రీటును లెక్కలోకి తీసుకుని అంతమేరకు తగ్గించి చెప్పించే పూచీ నాది. 60 మీటర్ల లైనుకు ముప్పావు ఘనపు మీటరు వృథా పోకుండా చూస్తే కడిగే ఖర్చులో చాలా మటుకు ఆయనకు అక్కడే తిరిగొస్తుంది. ఆ లెక్క ఆయన ముందు కాగితం మీద వేసి చూపిస్తాను. పంపు మధ్యలో ఆగదన్న నమ్మకం కూడా అమ్ముతాను. కొలిచిన పైపుల చిట్టా, ఆయిల్ మార్చిన తేదీ, గ్రీజు కొట్టిన తేదీ ఒక నోటుబుక్కులో రాసి పంపుతోపాటే పెడతాను. అడిగినవాళ్ళు చూసుకోవచ్చు. రేపు నేను ఈ పంపు అమ్మినా ఆ బుక్కుతో సహా అమ్ముతాను.

మేస్త్రి: అప్పుడు కొనేవాడికి నేను అవసరం తగ్గుతుంది.

ఓనరు: ఈలోగా నాకు నువ్వు అవసరం. ఎల్లుండి శ్లాబు సంగతి తేల్చు. వెళ్ళనా, మాననా?

మేస్త్రి: ఇవాళ స్విచ్చు. రేపు పొద్దున ఆయిల్, ఫిల్టరు, వాటర్ బాక్సు. రేపు మధ్యాహ్నం పైపులు, క్లాంపులు కొలత. సాయంత్రం రింగు సందు చూద్దాం. అవన్నీ బాగుంటే వెళ్ళు, నేను కూడా వస్తాను. ఒక్కటి బాగోకపోయినా ఆ ఇంటాయనకు రేపు సాయంత్రమే ఫోను చెయ్యి. శ్లాబు రెండు రోజులు వెనక్కి జరిగితే ఆయన విసుక్కుంటాడు. సగంలో ఆగితే ఆయన ఇల్లు పాడవుతుంది. విసుగు భరించడం సులువు.

ఓనరు: ఒప్పుకున్నాను. ఫోను చెయ్యాల్సి వస్తే ఇంకో పంపువాళ్ళ నంబరు కూడా నేనే ఇస్తాను, ఆయన పని ఆగకుండా. కాకపోతే ఈ రోజు నుంచి నా రేటు ఒక్కటే. పోత, నీళ్ళు, గుంత, కడగడం, ఈ నాలుగూ అందులోనే ఉంటాయి. ఎవరైనా వాటిలో ఒకటి తీసేసి తగ్గించి చెప్పమంటే, ఆ పనికి నా పంపు వెళ్ళదు.